నరమామిడి కట్టు

ఉత్తరం నెం. 1
మద్దులగుంపు, టేకులపల్లి మండలం
2 జూలై 2006

గంగాభాగీరథీ సమానురాలైన మా ప్రమీలక్క దివ్యసముఖమునకు, బీయస్సీ బాటనీ రెండో తరగతిల పాసై ప్రస్తుతము అరణ్యవాసము చేయుచున్న తమ్ముడు కోటేష్ సాష్టాంగపడి (బురద కాబట్టి నిజంగనే పడి) రాయు లేఖార్థములు.

ఇక్కడ నేను క్షేమం. ఎడమ కాలికి మూడు జలగలు, కుడి కాలికి రెండు. అవి కూడ క్షేమం.

నౌకరి సంగతి నీకు సగమే చెప్పిన. ఖమ్మంల మా కాలేజీ సారు ఒక ప్రాజెక్టు పెట్టిండు. ఏడాది పొడుగునా ఈ అడివిల ఏ నెలల ఏది పూస్తది, ఏది కాస్తది, ఏ పిట్ట ఎప్పుడు గూడు కడుతది, ఏది ఎక్కడున్నది, ఎన్నున్నయి, అన్నీ రాసి పంపాలె. మొదటి లిస్టు పంపిన. నా దస్తూరీ చూసి సారు, "కోటేష్, ఇది రాతనా, చెదలు నడిచిన జాడనా?" అన్నడు. అందుకే ఈ మహాకార్యంల నిన్ను భాగస్తురాలిని చేస్తున్న. నీ అక్షరాలు వడియాలు ఎండబోసినట్టు గుండ్రంగ ఉంటయి. నేను నీకు రాస్త, నువ్వు లిస్టు సాపు చేసి ఖమ్మం పోస్టు చెయ్యి. ఇంటర్ బైపీసీల పెండ్లికాడ ఆగిపోయిన నీ చదువు ఇంకొంచెం ముందల పడుతది. ఫోన్ ఆశ పెట్టుకోకు. సిగ్నల్ కావాలంటే టేకు చెట్టు ఎక్కాలె, ఎక్కినంక రెండు చేతులూ చెట్టుకే కావాలె.

ఉత్తరాలకు నంబర్లు వేస్తున్న, చూసినవా? రేపు చరిత్ర రాసేటోళ్లకు ఇబ్బంది కావద్దు.

మొదటి దినమే ఒక శాస్త్రీయ పరిశోధన చేసిన. వాగు దాటంగ నడుం దాక తడిసిన. వాగు మలుపుల ఒక నల్లబండ, దాని పక్కన ఒక పెద్ద చెట్టు, బట్టలు ఆరేసెటందుకే చాపినట్టు ఒక కొమ్మ. ప్యాంటు దాని మీద ఏసి, టవలు కట్టుకొని మునీశ్వరుని తీరు కూసున్న. అంతల సమ్మయ్య తాత వచ్చిండు. ఈ కోయగుంపుకు పెద్ద, డెబ్బై ఏండ్లు, విరిగిన ఎముకలు కట్టే వైద్యుడు. ఇప్పుడు నాకు గురువు, ఇంటి ఓనరు కూడ. ప్యాంటు తీసిండు, నాలుగు మడతలు పెట్టిండు, నా చేతుల పెట్టి పోయిండు. ఆ చెట్టు ప్యాంట్లను సహించదని నమోదు చేసిన.

లిస్టు వెనక కాగితం మీద ఉన్నది. ఆరుద్ర పురుగులు లెక్కలేనన్ని. బోడకాకర తీగెలు. నరమామిడి చెట్లు ఐదు, ఇప్పుడే పూత. వానల్ల పూసే చెట్టు ఇది, గుర్తు పెట్టుకో. చూసిన ప్రతి నరమామిడి చెట్టుకు ఎర్రదారంతోని రేకు నంబరు కడుతున్న. ఎట్ల పోవాలెనో, ఎన్ని అడుగులో కూడ రాసిన.

బావకు నమస్కారం. ఆయన నన్ను పనికిమాలినోడన్నది నిజమే గని, ఇప్పుడు ఆర్డర్ కాగితమున్న పనికిమాలినోణ్ని.

నీ కోటి

—

ఇల్లందు
16 జూలై 2006

కోటీ,

గంగాభాగీరథీ సమానురాలు అని మొగుడు పోయినోళ్లకు రాస్తరురా తిక్కలోడా! బీయస్సీ ఎట్ల పాసైనవ్? పక్కింటి రోజారాణి చూసి నోరు మీద చెయ్యేసుకున్నది. ఇంకోసారి రాస్తే చింపి వాపస్ పంపుత.

లిస్టు సాపు చేసిన. మార్జిన్ కొట్టి, చెట్ల పేర్ల కింద స్కేలు పెట్టి గీతలు గీసిన. రాస్తుంటే మా కాలేజీ ల్యాబ్‌ల కూసున్నట్టే అనిపిచ్చింది. మూడుసార్లు చదువుకొని పోస్టు చేసిన.

ఇంకొక ముచ్చట. మీ బావకు నీ ఉత్తరం చదివి ఇనిపిచ్చిన. ప్యాంటు కాడ కడుపు పట్టుకొని నవ్విండు. బొగ్గుబాయిల కాంట్రాక్టు పని పోయినప్పటిసంది ఆ మనిషి నవ్వంగ చూడలె. ట్రాలీ ఆటో తెచ్చిండు గని కిరాయి దొరికిన దినం దొరుకుతది, లేని దినం గోడ దిక్కు తిరిగి పంటడు. పెండ్లయి ఆరేండ్లల నేను చెప్పేది ఆయన గింతసేపు ఇన్నది లేదు కోటీ. టీవీ బంద్ చేసి ఇన్నడు. లిస్టు కూడ చదువుమన్నడు. "నరమామిడి అంటే అగరుబత్తీలల్ల కలిపే చెక్కనే కదా? ఎక్కడంట?" అని అడిగిండు. చదివిన. నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

జల్దీ జల్దీ రాయి. మేమిద్దరం ఎదురు చూస్తున్నం.

అక్క

—

ఉత్తరం నెం. 4
మద్దులగుంపు
10 సెప్టెంబర్ 2006

సకల సౌభాగ్యవతి, ఎర్రర్ సరిదిద్దబడిన మా అక్కకు,

మా అభిమాన సంఘం ఇల్లందుల ఇద్దరు సభ్యులకు పెరిగిందని విని సంతోషం. బావకు చెప్పు: నరమామిడి లెక్క పదిహేడుకు చేరింది. పచ్చి కాయలున్నయి. పికిలిపిట్టలు అవి పండేదాక ఆగలేక చెట్టు చుట్టూ పంచాయితీ పెడుతున్నయి. జాగాలు లిస్టుల ఉన్నయి.

మొన్న తాత నన్ను ఒక చెట్టు కాడికి తీసుకపోయిండు. అది కూడ నరమామిడే, గని మిగిలినయి దాని మనుమలు అనుకో. గుంపుల ఎవ్వరి ఎముక విరిగినా దాని బెరడు చెక్కతోనే కడతడు. అరచేయంత తీస్తడు, ఎప్పుడూ తూర్పు దిక్కు నుంచే. తీసిన కాడ మట్టి, పేడ కలిపి పూస్తడు. ఒక వానాకాలం ఆగి గని మళ్ల ముట్టడు. "చుట్టూ ఒలిస్తే?" అని అడిగిన. "మనిషిని ఒలిస్తే ఏమైతది?" అన్నడు. తర్వాత నా నోటుబుక్కు మూసి, "ఇది రాయకు" అన్నడు. రాయలె. దారం కూడ కట్టలె. నీకు కూడ చెప్పను, మీ సంఘం ఎంత ధర్నా చేసినా.

తొవ్వల నా ఎర్రదారాలు చూసి, "ఇవన్నీ నీయేనా?" అని అడిగిండు.

"అవ్ తాతా, ఈ అడివంత నాదే" అన్న.

అక్కా, నా జోకుకు నవ్వని మనిషిని నేను మొదటిసారి చూసిన.

కోటి

—

ఇల్లందు
22 అక్టోబర్ 2006

కోటీ,

లిస్టు పంపిన. మీ బావకు ఇప్పుడు చేతినిండ పని. పొద్దున్నే పోతడు, ఏం సామానో చెప్పడు. మంచిగనే ఉన్నడు, నాకు చీర కూడ తెచ్చిండు. ఇంట్ల మాత్రం ఎప్పుడు చూసినా అగరుబత్తి వాసన, దేవునికి ముట్టియ్యకున్నా.

నిన్నొకటి అడగాలె. ఆయన అంగీల మీద ఏదో బంక అంటుకొని వస్తున్నది. సబ్బుకు పోతలేదు, సోడాకు పోతలేదు. నీళ్లు తగిలితే ఇంకా సాగుతది. ఏ చెట్టుదై ఉంటది?

అక్క

—

ఉత్తరం నెం. 6
మద్దులగుంపు
19 నవంబర్ 2006

అక్కా,

నెలన్నర అవతలి గట్టు మీద పిట్టల లెక్కకు పోయి, నిన్న నరమామిళ్ల కాడికి తిరిగొచ్చిన. పదిహేడుల పదకొండు సచ్చినయి. నిలబడే సచ్చినయి.

మొదలు కాడి నుంచి, ట్రాలీ ఎక్కి నిలబడ్డ మనిషి చెయ్యి అందినంత ఎత్తు దాక, చుట్టూ చెక్క ఒలుచుకపోయిండ్రు. ఒలిచిన మేక తీరు తెల్లగ, తడిగ నిలబడ్డయి. పైన ఆకులకు ఆ సంగతి ఇంకా తెల్వదు, పచ్చగనే ఊగుతున్నయి. పికిలిపిట్టలు లేవు. నా రేకు నంబర్లను మాత్రం దారంతో సహా తీసి, ఒక్కొక్క చెట్టు మొదట్ల పెట్టి పోయిండ్రు. ఒకటి నుంచి పదకొండు. నేను రాసిన వరుసలనే, అక్కా.

తాత కోడలు కట్టెలు మోసుకొస్తుంటే అడిగిన, "ఎవరు కొట్టిండ్రో చూసినవా?" అని.

"మీ మనుషులే కదా సారూ" అన్నది. "మొఖానికి తువ్వాల కట్టుకున్నరు. ట్రాలీల వచ్చిండ్రు. దూప అయితున్నదంటే నీళ్లు కూడ ఇచ్చినం."

"మా మనుషులని ఎవరు చెప్పిండ్రు?"

"నువ్వు ముడేసుకున్న చెట్లే కదా కొట్టింది!"

అప్పుడు తెలిసింది నాకు. ఈ గుంపుల తేనె చెట్టు చూసినోడు దానికి ఒక గడ్డి ముడేసి పోతడట. ముడేసినంక ఆ చెట్టు వానిది. ఇంకొకడు ముట్టడు. ముడేసినోడు కొడితే ఎవ్వరూ అడ్డుపడరు. నేను పదిహేడు చెట్లకు ఎర్రదారం ముడేసి, ఈ అడివంత నాదే అని పెద్దమనిషికి చెప్పిన. నా అంత చదువుకున్నోడు ఈ మండలంల ఇంకొకడు లేడు.

"వేరేటోడు ముడేసుకున్న చెట్టు ఎవడన్న కొడితే ఎట్ల తాతా?" అని అడిగిన.

పొగాకు నలుపుకుంట, "మా నాయన కాలంల ఒకడు గొడ్డలి పెట్టిండు" అన్నడు.

"వాడేమైండు?"

"ఆ తేనె చెట్టు ఇంకా ఉన్నది" అన్నడు.

నేను కొట్టియ్యలేదని ఒట్టు పెట్టుకున్న. ఇన్నడు. గని ఇప్పుడు కొత్త చెట్టు ఏదీ చూపిస్తలేడు. పిల్లలు నా వెంట వస్తలేరు. నేను కూసుంటే మాటలు ఆగిపోతున్నయి. ఇంకొక్క చెట్టు పోతే నేను ఇక్కడ ఉండకూడదని గుంపుల అనుకున్నరట. తాత మాత్రం గట్ల అనలె. ఆ పెద్దచెట్టు దిక్కు చూసి, "అది పోతే ఎముక విరిగినోణ్ని నా కాడికి తేవద్దు, మట్టితోని కట్టలేను" అన్నడు.

నువ్వడిగిన బంక ఏదో చూడకుండ చెప్పలేను. ఆ అంగీ పీలిక ఒకటి కత్తిరిచ్చి కవర్ల పెట్టి పంపు.

కోటి

—

ఇల్లందు
10 డిసెంబర్ 2006

కోటీ,

అంగీ చింపి మసిగుడ్డ చేసిన. ఏ బంకైతే ఏంది, వదిలెయ్.

ఇక నుంచి జాగాలు రాయకు. పేర్లు రాయి, పూతలు రాయి, పిట్టల ముచ్చట్లు రాయి. ఎక్కడున్నదన్నది నువ్వే ఖమ్మం పోయినప్పుడు సారుకు నోటితోని చెప్పు. నాకు కండ్లు గుంజుతున్నయి, అంత పెద్ద లిస్టులు సాపు చేసుడు అయితలేదు.

మంచిగ తిను. సలికాలం, చెవులకు మఫ్లర్ కట్టుకో. మేం మంచిగనే ఉన్నం.

అక్క

—

ఉత్తరం నెం. 9
మద్దులగుంపు
4 ఫిబ్రవరి 2007

అక్కకు,

మిగిలిన ఆరు కూడ పోయినయి. నువ్వు జాగాలు వద్దన్నవ్ గని, సారు అడిగిండు కాబట్టి ఈ ఒక్కటి రాస్తున్న.

నరమామిడి, కొత్తది. నంబరు 18. ఇద్దరు మనుషులు చేతులు చాపినా అందనంత మొదలు. ఎప్పుడో బొగ్గు ఉన్నదా అని తవ్వి చూసి వదిలేసిన పాత గుంతలున్నయి కదా, బండ్లబాట మీద నుంచి కనపడే దిబ్బ. ఆ దిబ్బ దాటి, గడ్డిల నుంచి తూర్పుకు తిన్నగ రెండువందల అడుగులు. ఇప్పుడు మాఘమాసంల నిండ పూత మీదున్నది. చూడముచ్చటగ ఉన్నది.

ఈసారి జోకులు లేవు. జలుబు చేసింది.

కోటేష్

—

ఉత్తరం నెం. 10
మద్దులగుంపు
25 ఫిబ్రవరి 2007

అక్కా,

ఈ ఉత్తరం తెచ్చిన లాలు మంచోడు, టేకులపల్లిల ట్రాలీ నడుపుతడు. బావను మెల్లగ దించుకో. కుడి మోకాలి కింద రెండు ఎముకలు విరిగినయి. బొంగు బద్దలు కట్టి ఉన్నయి, నువ్వు ఇప్పకు. మనిషిని పంపి, బండ్లబాట మీద జారిపడ్డడని నీకు చెప్పిచ్చిన. అది అబద్ధం.

పద్నాలుగో తారీఖు పొద్దున పశులు కాసేటోళ్లు అరుపులు విని వచ్చి చెప్పిండ్రు. పాత గుంతల ఎవడో పడ్డడని. పోయినం. గుంత మీద ఎండుగడ్డి వాలి కప్పేసి ఉన్నది. లోపల రెండు నిలువుల లోతు. తువ్వాల జారిపోయింది. పైకి చూసి, "కోటీ" అన్నడు. బాట మీద ఆయన ట్రాలీ, ట్రాలీల గొడ్డళ్లు, గోనెసంచులు. తోడొచ్చినోళ్లు ఉరికిండ్రు.

నంబరు 18 అనే చెట్టు లేదక్కా. ఎవరు చదువుతున్నరో తెలుసుకుందామని పుట్టిచ్చిన చెట్టు అది. ఎవడొస్తడో వచ్చి బుర్ర గోక్కొని పోతడు అనుకున్న. గుంతలున్నయని నాకు తెలుసు. "గుంతలు జాగ్రత్త" అని రాయబోయి, రాస్తే జోకు లెక్క ఉంటదని ఆగిన. అందుకే ఆగిననా అని పదకొండు దినాలసంది నన్ను నేనే అడుగుతున్న.

మంచం దించి పైకి గుంజినం. దవాఖానా అంటే బావ వద్దని ఏడ్చిండు, ఫారెస్టోళ్లు కేసు పెడతరని. తాత కాలు పట్టి చూసి, నా దిక్కు తిరిగి, "పో. అరచేయంత. తూర్పు దిక్కు" అన్నడు.

"తాతా, ఈయన ఎవరో తెలుసా? చెట్లు ఒలిచింది ఈయనే. మా బావ."

"విరిగినోడు" అన్నడు తాత. "పో."

పోయిన. తెచ్చిన. దంచి, బంక కట్టినంక కాలికి పట్టు వేసి, బద్దలు పెట్టి కట్టిండు. తొలకరికి నడుస్తడట.

గుంపు ముందల నిలబడి అంత చెప్పిన, నీకు రాసిన ఉత్తరాల సంగతి కూడ. ముడేసింది నేనే కాబట్టి తప్పు నాదే అన్నరు. న్యాయమే. దారాలన్నీ ఇప్పేసిన. తాత మాట మీద ఇంకా ఉండనిస్తున్నరు, ఆ ఒక్క చెట్టు ఉన్నన్ని దినాలు.

బావ చదువుతుండని నీకు తెలుసా తెల్వదా అని అడుగను.

కోటి

—

ఇల్లందు
6 మే 2007

కోటీ,

రెండు నెలలు రాయలె. ఇప్పుడు రాయక తప్పుతలేదు.

తెలుసు. అంగీ చింపిన దినం నుంచే తెలుసు. మొదట చదివి ఇనిపిచ్చింది నేను, ఆయన ఇంటుండన్న సంబురంల. తర్వాత నేను చదువకుంటే ఆయనే పెట్టెల నుంచి తీసి చదువుకున్నడు. నీ తొమ్మిదో ఉత్తరం మాత్రం మళ్ల నేనే చదివిన, గట్టిగ. మాఘమాసంల నిండ పూత అని రాసినవ్. వానల్ల పూసే చెట్టని మొదటి ఉత్తరంల నువ్వే రాసినవ్, కింద స్కేలు పెట్టి గీత గీసింది నేను. అబద్ధమని నాకు ఒక్కసారికే తెలిసింది. ఏదో పెట్టినవ్ అక్కడ అనుకున్న. ఆయన అంగీ తొడుక్కుంటుంటే చూసుకుంట కూసున్న. పోవద్దు అనలె. కాబట్టి నిన్ను నువ్వు అడిగేది ఆపు, లేకపోతే ఇద్దరం కలిసి అడుగుదాం.

ఆయన మారుతడని పది దినాలు అనుకున్న. పదకొండో దినం కట్టును వాసన చూసుకుంట, "అరచేయంత చెక్కకే గింత బంకంటే ఆ చెట్టు ఎంతదై ఉంటది?" అన్నడు. పానం కాపాడిన చెక్క కదా, దండం పెట్టుకో అన్న. పెట్టుకున్నడు. పెట్టుకొని, "ఎక్కడంట?" అన్నడు.

అప్పటిసంది మంచంల పండి నీ ఉత్తరాలు మళ్ల మొదటికెల్లి చదువుతుండు. నాలుగో నంబరుల "ఇది రాయకు" అన్న కాడ వేలు పెట్టి చాలాసేపు ఉన్నడు.

ఆ చెట్టు ఎక్కడున్నదో నాకు తెలుసు కోటీ. నువ్వు చెప్పనన్నవ్ గని, చెప్పక ముందే చెప్పినవ్. వాగు మలుపుల నల్లబండ, బట్టలు ఆరేసెటందుకే చాపినట్టు ఒక కొమ్మ. తాత నీ ప్యాంటు తీసి మడత పెట్టింది అందుకే కదా. ఆ దినం అదేం చెట్టో నీకు తెల్వదు, తెలిసినంక రాసిన సంగతి నీకు యాది లేదు.

ఒకటో నంబరు తీసి, ఒకసారి చదువుకొని, పొయ్యిల పెట్టిన. తెల్లారి అడిగిండు, "రెండున్నది, మూడున్నది, ఒకటేది?" అని. నంబర్లు ఎందుకేసినవ్‌రా? ఎలుకలు కొట్టినయని చెప్పిన. మొన్న అన్నం తినుకుంట తనంత తనే నవ్విండు. ఏందంటే, "మీ తమ్ముని ప్యాంటు యాదికొచ్చింది" అన్నడు. నేను కూడ నవ్విన, నవ్వకపోతే బాగుండదని. ఒక బుక్క తిని ఆగి, మెల్లగ అడిగిండు: "అవునే, ఆ ముసలోడు ఆ ప్యాంటు ఎందుకు తీసిండంటవ్?"

నిన్న గోడ పట్టుకొని నిలబడ్డడు. ఇయ్యాల గోడ ఇడిచిండు. సమ్మయ్య తాత కట్టు మస్తు మంచిగ కుదిరింది.

నేను చెప్పేది మంచిగ ఇను. ఈ ఉత్తరం అందంగనే తాత కాడికి పో. ఆ చెట్టుకు ముడేయమను. నువ్వు కాదు, తాతనే, ఆయన చేతితోని, గుంపంత చూస్తుండంగ గడ్డి ముడి. అది ఆయనదని అందరికి తెలవాలె. ఆ ముడి కథ నీ ఆరో నంబరుల ఈయన కూడ చదివిండు. తేనె చెట్టు ఇంకా ఉన్నది అన్న మాట కాడ నవ్వి, పేజీ తిప్పిండు.

తొలకరికి ఇంక నెల దినాలే. ఆయన అంగీ తొడుక్కుంటే ఈసారి పోవద్దు అంట, కాళ్లు పట్టుకొని అంట. ఇనకుండ పోతే, ఆ తర్వాత నువ్వు నాకు ఉత్తరం రాస్తవ్ కదా. పైన ఎట్ల పిలవాలెనో ఆలోచన చెయ్యకు. మొదటి ఉత్తరం మీద రాసినట్టే రాయి. ఈసారి చింపి వాపస్ పంపను.

అక్క